కేరవాన్ కింద గ్యాస్ ట్యాంకు బిగించి బంకులో నింపుకోవచ్చా?

బరంపురం_ట్రావెలర్:
నమస్కారమండీ. బరంపురంలో ఫోర్స్ ట్రావెలర్ (డీజిల్) బండిని కేరవాన్‌గా మారుస్తున్నాం. గోపాలపూర్, దారింగ్‌బాడి, కోరాపుట్ వైపు పదేసి రోజులు తిరగాలని. మనుషులు నలుగురు, పొయ్యి రెండు బర్నర్లది. హీటరు లేదు, ఫ్రిజ్ బ్యాటరీ మీద నడుస్తుంది. విదేశీ మోటార్‌హోముల్లో ఛాసిస్ కింద గ్యాస్ ట్యాంకు బిగించి, బంకులోనే నింపుకుంటారు కదా, అలా చేద్దామని ఆలోచన. పాత వ్యానులోంచి తీసిన 60 లీటర్ల ఆటో ఎల్పీజీ ట్యాంకు స్క్రాప్ దుకాణంలో ఉంది. లోపల తుప్పు లేదు, వాల్వు కూడా ఉంది. అందులోంచి ద్రవం వస్తుందని తెలుసు, కానీ "వాల్వు పైకొచ్చేలా ట్యాంకు తిప్పి పెడితే ఆవిరే వస్తుంది" అని ఫిట్టర్ అంటున్నాడు. నిజమేనా? ఏమేం సామాను కావాలో కూడా చెప్పగలరు.

జయపురం_ఫిట్టర్:
బాబూ, ఆ ట్యాంకు కొనకండి.

ఇంజిను ట్యాంకు లోపల వాల్వు నుంచి ఒక సన్న గొట్టం అడుగుదాకా దిగి ఉంటుంది, ద్రవాన్ని పీల్చడానికి. ఆ ద్రవాన్ని వేపరైజర్ ఇంజిను వేడి నీళ్ళతో ఆవిరి చేస్తుంది. మీ పొయ్యి దారిలో వేపరైజర్ ఎక్కడుంది? 1 లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల ఆవిరవుతుంది. పొయ్యి రెగ్యులేటర్ దాన్ని పట్టి ఆపలేదు, బర్నరు మీద మంట పైకప్పు అందుకుంటుంది.

ట్యాంకు తిప్పడం ఇంకా ప్రమాదం. ట్యాంకు మీది మల్టీవాల్వు (నింపడం, ఆపడం, సేఫ్టీ అన్నీ ఒకేచోట ఉన్న వాల్వు) మీద ఒక కోణం ముద్ర కొట్టి ఉంటుంది, 30 డిగ్రీలనో 90 డిగ్రీలనో. ఆ కోణంలో బిగిస్తేనే లోపలి ఫ్లోట్ (ద్రవం మీద తేలే బెండు) 80 శాతం దగ్గర నింపడం ఆపుతుంది. తిప్పితే ఫ్లోట్‌కి లెక్క తప్పుతుంది, ట్యాంకు అంచుదాకా నిండిపోవచ్చు. ద్రవ ఎల్పీజీ ఒక్కో డిగ్రీకి పావు శాతం పైచిలుకు ఉబ్బుతుంది. పొద్దున్న 25 డిగ్రీల్లో నింపి, మధ్యాహ్నం ఎండలో తారు రోడ్డు మీద 55 డిగ్రీలకు చేరిందంటే 8 శాతం దాకా పెరుగుదల. ఆ 20 శాతం ఖాళీ ఉండేది దానికే. ఖాళీ లేకపోతే సేఫ్టీ వాల్వు తెరుచుకుంటుంది. ఆ వాల్వు ఉండవలసింది ఆవిరి భాగంలో, మీరు తిప్పాక అది ద్రవంలో మునిగి ఉంటే బండి కింద కక్కేది ద్రవాన్నే.

బంకు సంగతి. ఆటో ఎల్పీజీ పోసేది బండికి శాశ్వతంగా బిగించి, అనుమతి ఉన్న ఇంధన ట్యాంకులోకే. మీది డీజిల్ బండి, ఆర్సీలో ఎల్పీజీ ఉండదు. ట్యాంకు ఐఎస్ 14899 (బండి గ్యాస్ ట్యాంకుల భారతీయ ప్రమాణం) ప్రకారం తయారైనదే అయినా 5 ఏళ్ళకోసారి పరీక్ష చేయించాలి. స్క్రాపులో దొరికిన దాని మీద చివరి పరీక్ష తేదీ ఉందో లేదో చూడండి, నా నమ్మకం ఉండదనే.

సునాబేడ_మెకానిక్:
ఫిట్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. యూరప్‌లో వాడేది ఏమిటో కూడా చెప్తే తేడా తెలుస్తుంది.

అక్కడ మోటార్‌హోముకి ఆవిరి తీసుకునే ట్యాంకులే విడిగా తయారవుతాయి, ఈసీఈ ఆర్67 (బండ్ల ఎల్పీజీ సామానుకి అక్కడి ప్రమాణం) ముద్రతో. నింపే వాల్వు, ఫ్లోట్, సేఫ్టీ, గేజీ అన్నీ ఉంటాయి కానీ పొయ్యికి వెళ్ళే దారి ట్యాంకు పైభాగం నుంచి మొదలవుతుంది. ట్యాంకుకి కనీసం రెండు పట్టీలు వేసి ఛాసిస్ రెయిలుకి బిగిస్తారు, ఇనుముకి ఇనుము రాసుకోకుండా మధ్యలో రబ్బరు. ఆ బిగింపు కారు తరగతి బండిలో ప్రయాణ దిశలో 20 జీ (అంటే నిండు ట్యాంకు బరువుకి 20 రెట్ల తోపు), పక్కకు 8 జీ తట్టుకోవాలి. పెద్ద బస్సుకి ఈ అంకెలు తగ్గుతాయి. అడుగు భాగం రోడ్డుకి 200 మి.మీ. పైన ఉండాలి, లేకపోతే ముందూ పక్కలా కవచం ఉండాలి. నింపే మూతి దేశానికొక రకం: ఇంగ్లండులో బయోనెట్, జర్మనీలో ఆక్మే, ఫ్రాన్స్, ఇటలీలో డిష్. అందుకే అక్కడివాళ్ళు ఎడాప్టర్లు సంచిలో వేసుకుని తిరుగుతారు.

అంత తంటా ఎందుకంటే చలి. 4 కిలోవాట్ల హీటరు గంటకు 300 గ్రాముల పైన తాగుతుంది, రాత్రంతా నడిస్తే 11 కిలోల సిలిండర్ నాలుగైదు రాత్రుల్లో ఖాళీ. ఫ్రిజ్ కూడా గ్యాస్ మీదే. మీకు హీటరు లేదు, ఫ్రిజ్ బ్యాటరీ మీద నడుస్తుంది. 2 కిలోవాట్ల బర్నరు పూర్తి మంట మీద గంటకు సుమారు 155 గ్రాములు. రెండూ కలిపి రోజుకి 2 బర్నరు-గంటలంటే 310 గ్రాములు, అంటే 5 కిలోల సిలిండర్ 16 రోజులు. 60 లీటర్ల ట్యాంకు 80 శాతం నింపితే 26 కిలోలు, మీ వంటకి దాదాపు 3 నెలలు. ఇంటి వంటకి ట్యాంకరు పిలిచినట్టు ఉంటుంది.

రాయగడ_బాడీషాపు:
లెక్క తేలిపోయింది కాబట్టి సిలిండర్లు పెట్టే పెట్టె సంగతికి వస్తాను. 5 కిలోల ఫ్రీ ట్రేడ్ సిలిండర్లు రెండు పెట్టుకోండి, ఇండేన్ ఛోటూ లాంటివి. ఒకటి వాడకంలో, ఒకటి నిండుది. గుర్తింపు కార్డు చాలు, కనెక్షను పుస్తకం అక్కర్లేదు. ఇంటి 14.2 కిలోల సిలిండర్ బండిలో పెట్టకండి, రాయితీ ఉన్నా లేకున్నా అది ఇంటి వంటకే.

పెట్టెకి తలుపు బయటి వైపే. లోపలి గదికి ఒక్క కన్నం కూడా ఉండకూడదు, పైపు వెళ్ళే చోట గ్రోమెట్ (రబ్బరు వలయం) పెట్టి సిలికాన్‌తో మూసెయ్యాలి. ఎల్పీజీ ఆవిరి గాలికన్నా దాదాపు రెట్టింపు బరువు, నీళ్ళలా కిందికి పారుతుంది. కాబట్టి గాలి దారి పెట్టె నేల మీదే. యూరప్ ప్రమాణం ప్రకారం కింద మాత్రమే కన్నాలు పెడితే నేల వైశాల్యంలో 2 శాతం, కనీసం 100 చదరపు సెం.మీ. 70×40 సెం.మీ. పెట్టెకి 2 శాతం అంటే 56 మాత్రమే, అయినా 100 కి తగ్గకూడదు. 6 సెం.మీ. వ్యాసం కన్నం ఒక్కోటి 28 చదరపు సెం.మీ. నాలుగు చాలు అనిపిస్తుంది, కానీ ఎలుకలూ రాళ్ళూ రాకుండా జాలీ వేస్తే మూడో వంతు వైశాల్యం పోతుంది. ఆరు వెయ్యండి. చక్రం వెనక వేస్తే మన వానాకాలం బురద రెండు రోజుల్లో జాలీ మూసేస్తుంది, అది చూసుకోండి. సైలెన్సరు మీద వేయకండి.

ఎక్కువ మంది చేసే తప్పు ఇంకోటి: ఇన్వర్టరు, బ్యాటరీ కూడా ఆ పెట్టెలోనే సర్దడం. చోటు మిగులుతుందని చేస్తారు. రిలే (ఇన్వర్టరు లోపలి స్విచ్చు) ఒక్క మెరుపు చాలు, గ్యాస్ అంటుకోడానికి. ఆ పెట్టెలో కరెంటు తీగే ఉండకూడదు.

సిలిండర్లు నిటారుగా ఉండాలి. అడుగున రింగు, నడుమున పట్టీ. పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్లోకి వస్తుంది, పైన చెప్పిన కథే మళ్ళీ.

బరంపురం_ట్రావెలర్:
ట్యాంకు ఆలోచన మానేశాం. పైపు రబ్బరుది చాలా, రాగిది వెయ్యాలా? పొయ్యి పెట్టెకి 3.5 మీటర్ల దూరంలో ఉంది. లీకు పరీక్ష సబ్బు నీళ్ళతో చేస్తే సరిపోతుందా?

జయపురం_ఫిట్టర్:
రబ్బరు గోడలోంచి పోకూడదు. సురక్ష హోసు సిలిండర్ దగ్గర ఒక ముక్క, పొయ్యి దగ్గర ఒక ముక్క, అంతే. 5 ఏళ్ళకి మార్చాలి, తేదీ హోసు మీదే ముద్రించి ఉంటుంది. మధ్యలో 8 మి.మీ. రాగి గొట్టం, అర మీటరుకొక రబ్బరు పొదిగిన క్లాంపు. ఫ్లోరు కింద వెళ్ళినా, ప్లైవుడ్ వెనక వెళ్ళినా మధ్యలో జాయింటు వద్దు, 3.5 మీటర్లు ఒకే ముక్క. ఇత్తడి కంప్రెషన్ జాయింట్లకి టెఫ్లాన్ టేపు చుట్టకండి. అక్కడ గ్యాసును ఆపేది ఫెర్రూలు (గొట్టం చుట్టూ నొక్కుకునే ఉంగరం), నట్టు మరలు కాదు. టేపు చుడితే నట్టు బిగిసినట్టు అనిపించి ఫెర్రూలు సగమే నొక్కుకుంటుంది, సాలూరు ఘాటు కుదుపులకి వదులవుతుంది. చేత్తో బిగించాక స్పానరుతో ఒక చుట్టు, ఆపైన వద్దు. పొయ్యి ముందు చేతికందే చోట ఒక ఐసొలేషన్ వాల్వు.

రెగ్యులేటర్ సిలిండర్ కంపెనీదే, దాంతో పాటే కొనండి. వాల్వు సైజు దుకాణంలోనే బిగించి చూసుకోండి.

సబ్బు నీళ్ళు చివర్లో, లీకు ఎక్కడుందో వెతకడానికి. అసలు లీకు ఉందో లేదో చెప్పేది నీటి గొట్టం. 4 మీటర్ల పారదర్శక ప్లాస్టిక్ గొట్టాన్ని యూ ఆకారంలో గోడకి బిగించి, సగం దాకా రంగు నీళ్ళు పొయ్యండి. రెగ్యులేటర్, పొయ్యి రెండూ విడదీసి, పొయ్యి చివర మూసి, రెండో చివర టీ (T) ఆకారపు జాయింటు ముక్కతో నీటి గొట్టానికీ సైకిలు పంపుకీ కలపండి. మెల్లగా కొట్టండి. రెండు వైపుల నీటి మట్టం తేడా 150 సెం.మీ. వస్తే 150 మిల్లీబార్, పొయ్యి వాడే ఒత్తిడికి 5 రెట్లు. పంపు దారి మూసి, 10 నిమిషాలు ఆగి గీత పెట్టండి. ఇంకో 10 నిమిషాల్లో గీత కదలకూడదు.

ఇది ఎండలో చేస్తే మోసపోతారు. గొట్టంలో గాలి 1 డిగ్రీ వేడెక్కితే మట్టం తేడా 4 సెం.మీ. దాకా పెరగవచ్చు, చిన్న లీకుని అది కప్పేస్తుంది. తెల్లవారుజామున, షెడ్డులో చెయ్యండి. పొయ్యి, రెగ్యులేటర్ తగిలించాక ఆ చివరి జాయింట్లకే సబ్బు నీళ్ళు. అగ్గిపుల్ల మాత్రం ఎవరు చెప్పినా వద్దు.

గుణుపురం_గ్యాస్:
రెండు మాటలు కలుపుతాను. గ్యాస్ అలారం నేలకి జానెడు ఎత్తులో, కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే చోట తల ఎత్తులో. ఒకదాని పని ఇంకోటి చెయ్యదు. రెండోది, బాడీ పని పూర్తి కాకముందే గ్యాస్ పెట్టె డ్రాయింగు ఆర్టీవోకి చూపించండి. కేరవాన్లకి ఏఐఎస్-124 అని ప్రత్యేక ప్రమాణం ఉంది, మార్పు ఆర్సీలో ఎక్కాలి. ప్లైవుడ్ బిగించాక అడిగితే మళ్ళీ విప్పాల్సి వస్తుంది.

బరంపురం_ట్రావెలర్:
దారింగ్‌బాడిలో జనవరి చలికి మంట తగ్గిపోతుందా?

సునాబేడ_మెకానిక్:
తగ్గవచ్చు. మన గ్యాసులో బ్యూటేన్ పాలు ఎక్కువ, అది సున్నా దగ్గర మరగడం మానేస్తుంది. అడుగంటిన సిలిండర్‌కి ముందుగా ఇబ్బంది వస్తుంది, బయట మంచు పేరుకోవడం గుర్తు. అప్పుడు నిండు సిలిండర్‌కి మార్చండి, ఎండెక్కాక పాతది మళ్ళీ పని చేస్తుంది. సిలిండర్ని పొయ్యి దగ్గరికి లాగకండి, వేడినీళ్ళు పొయ్యకండి. బండి కదిలే ముందు సిలిండర్ వాల్వు మూసి, రెగ్యులేటర్ తీసి, టోపీ పెట్టండి.