ఇంటర్ సెకండియర్ మ్యాథ్స్ 2ఏ: పద్ధతి తెలిసీ మార్కులు ఎక్కడ పోతున్నాయి?

ఎంపీసీ_సెకండియర్:
తెలంగాణ బోర్డు, ఇంగ్లిష్ మీడియం. 2ఏ ప్రీఫైనల్ పేపర్లలో 75కి 54–58 దగ్గరే ఆగిపోతోంది. సిలబస్ అయిపోయింది, లెక్క చూడగానే ఎలా చేయాలో తడుతుంది. కానీ బైనామియల్ సిరీస్‌లో, స్టాటిస్టిక్స్‌లో చివరి ఆన్సర్ తప్పుతోంది. టైమ్ చాలక ఒక ఏడు మార్కుల ప్రశ్న మిగిలిపోతోంది. జేఈఈ అలవాటుతో స్టెప్స్ మింగేస్తున్నానని కూడా అంటున్నారు. సెక్షన్ సి లో ఏ ఐదు పట్టుకోవాలి, ఏ వరసలో రాయాలి?

చాక్‌పీస్:
ముందు పేపర్ చూద్దాం. సెక్షన్ ఏ లో పది ప్రశ్నలు, రెండేసి మార్కులు, చాయిస్ లేదు. బి లో ఏడింటికి ఐదు, నాలుగేసి మార్కులు. సి లో ఏడింటికి ఐదు, ఏడేసి మార్కులు. 20 + 20 + 35. సి లో మామూలుగా డిమూవర్ (సంకీర్ణ సంఖ్యల ఘాతాలు, మూలాలు) ఒకటి, థియరీ ఆఫ్ ఈక్వేషన్స్ ఒకటి, బైనామియల్ రెండు, మెజర్స్ ఆఫ్ డిస్పర్షన్ ఒకటి, ప్రాబబిలిటీ ఒకటి, రాండమ్ వేరియబుల్స్ ఒకటి వస్తాయి.

నన్నడిగితే థియరీ ఆఫ్ ఈక్వేషన్స్, డిస్పర్షన్, రాండమ్ వేరియబుల్స్ మూడూ ముందే ఖాయం చేసుకో. అవి తేలికని కాదు. ఆన్సర్ తప్పో ఒప్పో హాల్లోనే తేలిపోతుంది కాబట్టి.

గుణకాలు 6, −35, 62, −35, 6 ఉన్న రెసిప్రోకల్ ఈక్వేషన్ (గుణకాలు ఎటు నుంచి చదివినా ఒకటే) తీసుకో. ఎక్స్ స్క్వేర్‌తో భాగించి, ఎక్స్ + 1/ఎక్స్ ను టి అనుకుంటాం. అప్పుడు ఎక్స్² + 1/ఎక్స్² అంటే టి² − 2. ఈ −2 ను మర్చిపోయేవాళ్లే ఎక్కువ. సరిగా రాస్తే 6టి² − 35టి + 50 = 0 వస్తుంది, డిస్క్రిమినెంట్ 1225 − 1200 = 25, టి విలువలు 10/3, 5/2, మూలాలు 3, 1/3, 2, 1/2. −2 మర్చిపోతే 50 చోట 62 ఉండిపోయి డిస్క్రిమినెంట్ 1225 − 1488, అంటే నెగెటివ్. ఇలాంటి లెక్కలో డిస్క్రిమినెంట్ నెగెటివ్ వచ్చిందంటే ముందుకు పోకుండా పై రెండు లైన్లు మళ్లీ చూడాలి. అంతా అయ్యాక మూలాలు కూడి చూడు: 3 + 1/3 + 2 + 1/2 = 35/6. రెండో గుణకం గుర్తు మార్చి మొదటిదానితో భాగిస్తే వచ్చేదీ అదే. పది సెకన్ల పని.

రెసిప్రోకల్ ఈక్వేషన్ బేసి ఘాతమైతే ముందు ఒక మూలం తీసేయాలి. మొదటి తరగతి (రెండు చివర్ల గుణకాలు సమానం) అయితే −1, రెండో తరగతి (గుర్తులు వ్యతిరేకం) అయితే 1. సరి ఘాతం, రెండో తరగతి అయితే 1, −1 రెండూ మూలాలే. సింథటిక్ డివిజన్‌లో లేని పదానికి సున్నా పెట్టడం మరవొద్దు. ఆ ఒక్క సున్నా లేకపోతే ఏడు మార్కుల లెక్కంతా పక్కకు పోతుంది.

రాండమ్ వేరియబుల్‌లో 0 నుంచి 7 వరకు విలువలకు సంభావ్యతలు 0, కె, 2కె, 2కె, 3కె, కె², 2కె², 7కె² + కె అని ఇచ్చే లెక్క ఉంది కదా. మొత్తం 1 అని రాస్తే 10కె² + 9కె − 1 = 0; కె = 1/10 లేదా −1. −1 ను ఎందుకు వదిలేశావో ఒక్క వాక్యం రాయి: సంభావ్యత రుణాత్మకం కాదు. స్టెప్స్ మింగడమంటే ఇలాంటి వాక్యాలు ఎగరగొట్టడమే. మీన్ 3.66 వస్తుంది. అది 0కీ 7కీ మధ్యలో లేకపోతే ఎక్కడో కూడిక తప్పిందని అర్థం.

సూత్రధారి:
బైనామియల్ సిరీస్ సంగతి నేను చెప్తాను, ఎక్కువ మంది జారేది అక్కడే.

3/4 + 3·5/(4·8) + 3·5·7/(4·8·12) + … ఈ మొత్తం కావాలి. సూత్రం ప్రకారం పూర్తి సిరీస్ మొత్తం (1 − ఎక్స్) కు −పి/క్యూ ఘాతం. న్యూమరేటర్‌లో మొదటి సంఖ్య పి = 3, పెరుగుదల క్యూ = 2. కింద 4, 4·8, 4·8·12 అంటే 4 ఘాతాలు, వాటితో ఫ్యాక్టోరియల్స్. కాబట్టి 1/4 అనేది ఎక్స్ కాదు, ఎక్స్/క్యూ. ఎక్స్ = 2/4 = 1/2. ఇక్కడ ఎక్స్ = 1/4 అని రాసేస్తే మిగతాదంతా ఎంత చక్కగా రాసినా వృథా.

రెండో గోతి ఆ 1. సూత్రంలో సిరీస్ 1 తో మొదలవుతుంది, ఇచ్చినదానిలో 1 లేదు. కాబట్టి 1 + ఎస్ = (1 − 1/2) కు −3/2 ఘాతం = 2√2, ఎస్ = 2√2 − 1.

ఇంకో రకంలో మొదటి పదంలోనే రెండు కారణాంకాలు ఉంటాయి: 3·5/(5·10) + 3·5·7/(5·10·15) + …. అంటే ముందు రెండు పదాలు లేవన్నమాట, 1 తో పాటు 3/5 కూడా. ఎక్స్ = 2/5, పూర్తి సిరీస్ (3/5) కు −3/2 ఘాతం = 5√5/(3√3). అందులోంచి 8/5 తీసేస్తే ఆన్సర్. పెన్ను పెట్టే ముందు మొదటి పదంలో పైన ఎన్ని కారణాంకాలున్నాయో లెక్కపెట్టు. ఒకటుంటే 1 మాత్రమే లోటు, రెండుంటే రెండు పదాలు లోటు.

సరిచూడాలంటే మొదటి మూడు పదాలు దశాంశాల్లో వేసి చూడు. పై మొదటి లెక్కలో 0.75 + 0.47 + 0.27, దాదాపు 1.49. పదాలింకా ఉన్నాయి. 2√2 − 1 దాదాపు 1.83, కుదురుతుంది. ఆన్సర్ 1.2 వచ్చి ఉంటే అప్పుడే దొరికిపోయేది.

టేబుల్_గీసేవాడు:
డిస్పర్షన్‌లో స్టెప్ డీవియేషన్ పద్ధతి వాడేటప్పుడు సగటుకు ఒకసారి హెచ్ (తరగతి వెడల్పు), వేరియన్స్‌కు హెచ్ స్క్వేర్‌తో గుణించాలి. తప్పంతా ఇక్కడే.

30–40 నుంచి 90–100 వరకు ఏడు తరగతులు, పౌనఃపున్యాలు 3, 7, 12, 15, 8, 3, 2 అనుకో. మొత్తం 50. ఊహించిన సగటు 65, హెచ్ 10. డి (తరగతి మధ్య విలువలోంచి 65 తీసి 10తో భాగిస్తే వచ్చేది) విలువలు −3 నుంచి 3. ఎఫ్ అంటే పౌనఃపున్యం. ఎఫ్‌డి మొత్తం −15, ఎఫ్‌డి² మొత్తం 105. సగటు 65 − 3 = 62. వేరియన్స్ 100 × (105/50 − 225/2500) = 100 × (2.1 − 0.09) = 201. స్టాండర్డ్ డీవియేషన్ దాదాపు 14.18. హెచ్ ఒక్కసారే గుణిస్తే వేరియన్స్ 20.1 వస్తుంది (డీవియేషన్ దాదాపు నాలుగున్నర), అసలు గుణించకపోతే 2.01. మార్కులు 30 నుంచి 100 దాకా పరుచుకున్న క్లాసులో డీవియేషన్ నాలుగున్నర అంటే నమ్మేలా ఉందా?

టేబుల్ కూడికలు సరిచూడ్డానికి పాత చిట్కా ఒకటుంది. ప్రతి డి కీ 1 కలిపి స్క్వేర్ చేసి, పౌనఃపున్యంతో గుణించి కూడాలి. అది ఎఫ్‌డి² మొత్తం, రెండింతల ఎఫ్‌డి మొత్తం, ఎఫ్ మొత్తం కలిపినంత ఉండాలి. ఇక్కడ 105 − 30 + 50 = 125. అటు 12 + 7 + 0 + 15 + 32 + 27 + 32, అదీ 125. టేబుల్ చివర రఫ్‌గా చేసుకుంటే చాలు, నిమిషం కూడా పట్టదు.

చాక్‌పీస్:
టైమ్ సంగతి. 180 నిమిషాలకు 75 మార్కులు, అంటే మార్కుకు 2.4 నిమిషాలు. రెండు మార్కులవి మూడేసి నిమిషాల్లో అయిపోవాలి, మొత్తం 30. నాలుగు మార్కులవి తొమ్మిదేసి, 45. ఏడు మార్కులవి పదిహేడేసి, 85. మొత్తం 160, ఇంకో ఇరవై చేతిలో ఉంటాయి. ఇరవయ్యో నిమిషానికి కూడా పాక్షిక భిన్నాల దగ్గరే కూర్చున్నావంటే సాధారణంగా న్యూమరేటర్ డిగ్రీ డినామినేటర్ కంటే తక్కువ లేదని చూసుకోలేదన్నమాట. ముందు భాగహారం చేయాలి, తర్వాతే ఏ, బి, సి స్థిరాంకాలు.

నేనైతే సి తో మొదలుపెట్టమంటాను, బుర్ర తాజాగా ఉన్నప్పుడే పెద్ద లెక్కలు.

సూత్రధారి:
ఆ వరస నాకు నచ్చదు. రెండు మార్కుల ప్రశ్నలకు చాయిస్ లేదు, చివర్లో కంగారులో రాస్తే వాటికే ఎక్కువ నష్టం. ఖాయం చేసుకున్న మూడు ఎల్ఏక్యూలు (ఏడు మార్కులవి) రాసి, వెంటనే సెక్షన్ ఏ మొత్తం పూర్తి చేసి, తర్వాత మిగతావి. మొదటి లెక్క కుదరకపోతే మాత్రం పది నిమిషాల్లో వదిలేసి పేజీ తిప్పాలి.

ఎంపీసీ_సెకండియర్:
థ్యాంక్స్ సార్. సిరీస్‌లో ఎక్స్ తప్పు నాది అచ్చం ఇదే, పాత పేపర్లు తీసి చూసుకున్నా. నాలుగోది ప్రాబబిలిటీ పెట్టుకుంటా. ఐదోదిగా డిమూవర్ తీసుకోవచ్చా? ఆర్గ్యుమెంట్ దగ్గర తడబడతాను.

సూత్రధారి:
తీసుకో, కానీ బొమ్మ గీయకుండా ఆర్గ్యుమెంట్ రాయకు. −1 + ఐ√3 కి టాన్ విలువ −√3 అని −60 డిగ్రీలు రాస్తారు. బిందువు రెండో పాదంలో ఉంది, 120 డిగ్రీలు కావాలి. ఆరో ఘాతమైతే ఈ తప్పు బయటపడదు, రెండు దారుల్లోనూ 64 వస్తుంది. అందుకే ప్రాక్టీసులో చాలామందికి తెలియదు. మూడో ఘాతం చేసి చూడు: సరైనది 8, తప్పుది −8.

మూలాలు అడిగితే ఆర్గ్యుమెంట్‌కు 2కెπ ను (కె = 0, 1, 2…) భాగించకముందే కలపాలి. భాగించాక కలిపితే తిరిగి తిరిగి అదే బిందువు వస్తుంది, మూడు మూలాల చోట ఒకటే రాసినట్టవుతుంది.

చాక్‌పీస్:
ప్రాబబిలిటీలో బేయస్ సిద్ధాంతం వస్తే ప్రవచనం సగం రాసి సూత్రంలోకి దూకొద్దు. ఘటనలు జతలవారీగా పరస్పర వివర్జితాలు, పూర్ణ ఘటనలు, ఒక్కోదాని సంభావ్యత సున్నా కాదు అని ప్రవచనంలోనే ఉండాలి. నిరూపణలో ఒక్కో లైన్ ఆ షరతుల్లో దేని వల్ల వచ్చిందో పక్కన రాయి.

అన్నట్టు, మాస్టర్ (MASTER) పదం ర్యాంకు (అక్షరాలు తారుమారు చేసి నిఘంటువు వరసలో రాస్తే దాని స్థానం) లాంటి నాలుగు మార్కుల లెక్క వస్తే 240 + 12 + 4 = 256 దగ్గర ఆగొద్దు. అవి ఆ పదానికి ముందున్నవి మాత్రమే. ఆ పదం 257వది.