సున్నపు తేట పాలలా మారడం ఏ రకం చర్య?

మా అమ్మాయి పదో తరగతి. రసాయన చర్యల రకాలు, అంటే సంయోగం, వియోగం, స్థానభ్రంశం, ద్వంద్వ వియోగం అన్నీ బాగానే చెబుతుంది. మొన్న ఇంటికి వెల్ల వేయడానికి బకెట్లో సున్నం నానబెట్టాం. నీళ్లు పోయగానే బుసబుసమని పొంగి, బకెట్ ముట్టుకోలేనంత వేడెక్కింది. "నాన్నా, కాల్షియం ఆక్సైడ్, నీళ్లు కలిసి ఒకే పదార్థం అయింది, ఇది సంయోగం" అంది. సున్నపురాయిని బట్టీలో కాల్చడం వియోగమని కూడా తనే చెప్పింది. అంతవరకూ బాగుంది.

తర్వాత తేరిన సున్నపు తేటను గ్లాసులో పోసి, స్ట్రాతో ఊదింది. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి తెల్లగా విరిగింది. కాల్షియం కార్బొనేట్‌తో పాటు నీరూ వస్తుంది కదా, అంటే రెండు పదార్థాలు కలిసి రెండు వచ్చాయి. కాబట్టి సంయోగం కాదు. స్థానభ్రంశం అందామంటే ఇంకోదాన్ని తోసేసే విడి మూలకమే లేదు. నీటిలో కరగని తెల్లటి అవక్షేపం వచ్చింది కాబట్టి ద్వంద్వ వియోగమంటుంది తను. కానీ కార్బన్ డయాక్సైడ్‌లో మార్చుకోవడానికి అయాన్లేవి? నాకైతే ఆమ్ల ఆక్సైడ్‌కీ క్షారానికీ జరిగిన తటస్థీకరణలా అనిపిస్తోంది. నేను చదివి పాతికేళ్లయింది, నమ్మకం లేదు.

కెమిస్ట్రీ చెప్పేవాళ్లెవరైనా ఉంటే, పరీక్షలో ఇది అడిగితే ఏమని రాయాలో కాస్త చెప్పండి. సోమవారం స్లిప్ టెస్టుందట, నాకే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.