ట్రావెలర్ వెనక ట్రాలీ తగిలించి శబరిమల పోవచ్చా?

కందుకూరు వ్యాన్

అందరికీ నమస్కారం. మాది కందుకూరు. నా దగ్గర 17 ప్లస్ 1 (17 మంది, డ్రైవర్) ట్రావెలర్ వ్యాన్ ఉంది. 2016 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. పెళ్లిళ్లు, తిరుపతి, శనివారం వస్తే మాలకొండ. ఆ గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు కాబట్టి ఆ రోజు బండి ఇంటి ముందు కనపడదు. ఎనిమిదేళ్లు దాటాక ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఏటా చేయించాల్సి వస్తోంది, అదొక ఖర్చు. మిగతాదంతా బాగానే నడుస్తోంది.

సమస్య ఏందంటే, ఏటా మా బజారు స్వాములను నేనే శబరిమల తీసుకుపోతా. గురుస్వామి మా మేనమామ. మాలలో ఉండగా ఆయన బయటి మెతుకు ముట్టడు. అందుకని రెండు గుండిగలు, స్టవ్వు, సిలిండరు, బియ్యం, నీళ్ల డ్రమ్ము, పీటలతో సహా అన్నీ పైన క్యారియర్ మీద కడతాం. పోయిన సంవత్సరం తేని దాటాక గాలికి బండి అటూ ఇటూ ఊగిపోయింది. స్టీరింగ్ పట్టుకున్న నాకు చెమటలు, వెనక వాళ్లు మాత్రం భజన చేస్తున్నారు. తిరుగు ప్రయాణంలో వాన పడితే పైనుంచి కారి తొమ్మిదో సీటు స్వామి ఇరుముడి తడిసింది. మామ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతూనే ఉంటాడు.

మా ఊళ్లో ఒక వెల్డింగ్ ఆయన పాత కారు యాక్సిల్‌తో రెండు చక్రాల ట్రాలీ చేసిస్తానన్నాడు. 38 వేలు. వెనక హుక్కు కూడా తనే పెడతాడట. 5 వేలు అడ్వాన్స్ ఇచ్చేశా. ఇంజిన్ లాగుతుందా? హుక్కు ఎక్కడ పెట్టించాలి? దారిలో ఎవరైనా ఆపుతారా? కార్తీకం దగ్గరకొచ్చేసింది, కొంచెం తొందరగా చెప్పండి.

సింగరాయకొండ బాబు

లాగుద్దిలే అన్నా. 2.6 లీటర్ డీజిల్ ఇంజిన్ అది. మా ఊళ్లో ఆటో వెనక ఐసు బండి కట్టి లాగుతున్నారు.

ఒంగోలు షెడ్డు

బాబూ, ఆటో సంగతి పక్కన పెట్టు. అది ఘాట్ దిగదు.

కందుకూరు తమ్ముడూ, లాగడానికేం, లాగుతుంది. ఆపేటప్పుడు తెలుస్తుంది. నేను చేసిన పని ఒకటి చెబుతా విను. ఆరేళ్ల కింద నాకు తుఫాన్ బండి ఉండేది. వోలేటివారిపాలెం అవతల ఒక పెళ్లికి జనరేటర్ ట్రాలీ వెనక తగిలించుకుని బయల్దేరా. ఆ ట్రాలీ కూడా ఇట్టాగే వెల్డింగ్ షాపులో చేయించిందే. జనరేటర్‌ను చక్రాలకు కొంచెం వెనగ్గా బిగించారు, దించుకోవడానికి వీలుగా ఉంటుందని. అరవై దాటానో లేదో ట్రాలీ తోక ఊపడం మొదలుపెట్టింది. భయపడి బ్రేక్ తొక్కా, ఊపు ఇంకా పెరిగింది. పిన్ను పుటుక్కుమంది. పిన్ను అంటున్నా గానీ అది మామూలు బోల్టు, తర్వాత చూస్తే తెలిసింది. అదృష్టం బాగుండి గొలుసు కట్టి ఉంది కాబట్టి ట్రాలీ రోడ్డు గీసుకుంటూ వచ్చి మార్జిన్‌లో ఆగింది. ఎదురుగా బైకు వచ్చి ఉంటే ఈ మాటలు నేను రాసేవాణ్ణి కాదు. ఆ పెళ్లివాళ్లు నాకు ఇంకా 1,500 బాకీ, అది వేరే కథ.

అసలు కిటుకు బరువు ఎక్కడ పడుతుందనే దాంట్లో ఉంది. ట్రాలీలో బరువు చక్రాలకు ముందు వైపు కాస్త ఎక్కువ ఉండాలి. మొత్తంలో సుమారు పదో వంతు హుక్కు మీద మొగ్గాలి. వెనక్కి మొగ్గిందంటే నాకు జరిగిందే జరుగుతుంది. పోనీ ముందుకే సర్దావనుకో, ఆ బరువు నీ వ్యాన్ తోక మీద పడుతుంది. నీ బండిలో ఆఖరి వరస సీట్లు వెనక చక్రాలు దాటి ఇంకా వెనగ్గా ఉన్నాయి. అక్కడ నలుగురు స్వాములు, వాళ్ల వెనక హుక్కు మీద ఇంకో యాభై అరవై కిలోలు. చిన్నప్పుడు ఏతాం చూసే ఉంటావు, ఇటు తొక్కితే అటు లేస్తుంది. ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలికైపోతుంది. చాలామంది అది హాయిగా ఉందనుకుంటారు.

ఇక తేని దాటాక కేరళలోకి ఎక్కే ఘాట్. సీజన్‌లో పోయేటప్పుడు కంబంమెట్టు మీదుగా ఎక్కించి, వచ్చేటప్పుడు కుమిలి మీదుగా దించుతారు, నీకు తెలిసిందే. బ్రేకుల్లేని ట్రాలీ దిగుడులో నీ బండిని వెనక నుంచి తోస్తూనే ఉంటుంది. 17 మంది బరువుతో పాటు దాని బరువును కూడా నీ బ్రేకులే మోయాలి. నిజం చెప్పు, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావు? అది గాల్లో తేమ పీల్చుకుంటుంది. పాతబడిన ఆయిల్ ఘాట్‌లో వేడెక్కి మరిగిందంటే లోపల బుడగలు లేచి పెడల్ నేలకు దిగిపోతుంది. ట్రాలీ ఉన్నా లేకున్నా రెండేళ్లకోసారి మార్చాల్సిందే. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. న్యూట్రల్ చేసి డీజిల్ మిగిల్చేవాళ్లను నా షెడ్డులోకి రానివ్వను.

నువ్వు రామాయపట్నం, కొత్తపట్నం బీచ్ ట్రిప్పులు కూడా కొట్టే ఉంటావు. బండిని లిఫ్ట్ మీదకెక్కించి బ్రేక్ పైపులు చూపించు. ఉప్పు గాలికి పైప్ బయటికి బాగానే కనపడుతుంది, క్లిప్పు కింద తినేసి ఉంటుంది. బీచ్ నుంచి వచ్చిన రోజే అడుగు భాగం మంచినీళ్లతో కొట్టించడం అలవాటు చేసుకో. టైర్ల మీద నాలుగంకెల ముద్ర కూడా చూడు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. అరుగుదల లేదు కదా అని పాత టైరుతో ఘాట్ ఎక్కొద్దు.

కారుతోందన్నావే, అది రూఫ్ తప్పు కాకపోవచ్చు. క్యారియర్ బోల్టుల దగ్గర రబ్బరు వాషర్లు ఎండి పగిలి ఉంటాయి. బరువుకు క్యారియర్ కదిలి కదిలి రంధ్రం పెద్దదవుతుంది. అక్కడ చూడు.

అన్నిటికంటే ముందు కాటాకు పోయి తూకం వేయించు. మొత్తం బండి ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే ప్లేటు మీద ఉంచి ఇంకోసారి. ఆర్‌సీలో రాసిన బరువుతో పోల్చుకుని అప్పుడు మాట్లాడదాం.

కావలి పేపర్లు

నాది ఇన్సూరెన్స్, ఆర్‌టీఏ కాగితాల పని. షెడ్డు అన్న బండి సంగతి చెప్పాడు, నేను కాగితం సంగతి చెబుతాను.

ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 61 చూడండి. దాని నంబరు దాని పక్కన ఉండాలి, లాగే బండి నంబరు దాని వెనక కనపడాలి. వెల్డింగ్ షాపులో చేసిన ట్రాలీకి ఈ నంబరు ఎక్కడి నుంచి తెస్తారు?

అది అటుంచి, మీ పాలసీ కాగితం తీసి ‘లిమిటేషన్స్ యాజ్ టు యూజ్’ అన్న పేరా, అంటే బండిని దేనికి వాడొచ్చో వాడకూడదో చెప్పేది, చదవండి. ప్రయాణికుల కమర్షియల్ బండ్ల పాలసీల్లో మామూలుగా ఉండే మాట ఒకటుంది. ట్రైలర్ (మీ ట్రాలీ లాంటిది) లాగుతుండగా ఈ పాలసీ వర్తించదు అని. ఆగిపోయిన బండి ఒకదాన్ని, అదీ డబ్బు తీసుకోకుండా లాగితే మాత్రం మినహాయింపు. అలా లాగేటప్పుడు కూడా రెండు బండ్ల మధ్య ఐదు మీటర్లకు మించి ఉండకూడదు. అంటే ట్రాలీ తగిలించుకుని వెళ్లి ఏదైనా జరిగితే, మీ వెనక కూర్చున్న 17 మంది సంగతి తేలేది కోర్టులోనే. నేను ఇలాంటి ఫైలు ఒకటి మూడేళ్లుగా మోస్తున్నాను.

ఉలవపాడు తోట

కాగితాలు, బ్రేకులు సరే. ముందు ఆ సిలిండర్ దించండి స్వామీ. 2023 ఆగస్టులో మదురైలో ఆగి ఉన్న రైలు పెట్టెలో యాత్రికులు సిలిండర్ పెట్టి వండుకోబోతే మంట లేచి తొమ్మిది మంది చనిపోయారు. మీరు దాన్ని ఎండలో, కదిలే క్యారియర్ మీద పెడుతున్నారు.

కందుకూరు వ్యాన్

ఆలస్యమైంది, క్షమించండి. కాటాకు పోయొచ్చాం. 17 మంది స్వాములను ఒక్కరోజు పోగుచేయడం నా వల్ల కాలేదు. మామతో కలిపి ఆరుగురు వచ్చారు. మిగతా 11 మందికి తలా 65 కిలోల లెక్కన బియ్యం షాపులో 25 కిలోల మూటలు 29 అడిగి తెచ్చి సీట్లలో కూర్చోబెట్టాం. కాటా అబ్బాయి కిటికీలోంచి చూసి ‘వీళ్లందరికీ టికెట్టా’ అన్నాడు.

పైన కట్టే సామానే 310 కిలోలు ఉంది. మొత్తం కలిపితే ఆర్‌సీలో రాసినదానికంటే 220 కిలోలు ఎక్కువ. ఇన్నేళ్లూ ఇట్టాగే తిప్పానా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బ్రేక్ ఆయిల్ తీస్తే డికాషన్ రంగులో వచ్చింది. ఎప్పుడు మార్చానో నాకే గుర్తు లేదు. ఎడమ వైపు వెనక బ్రేక్ పైపు కూడా, షెడ్డు అన్న చెప్పినట్టే, క్లిప్పు దగ్గర తినేసి ఉంది. మార్పించా.

ట్రాలీ వద్దన్నా. వెల్డింగ్ ఆయన అడ్వాన్స్ వెనక్కి ఇవ్వనన్నాడు. ఇంటి మిద్దెకు ఇనుప నిచ్చెన చేయమని చెప్పా.

మామతో మాత్రం గొడవే. సిలిండర్ వద్దంటే మూతి ముడుచుకున్నాడు. చివరికి, దారిలో ఆగే మూడు చోట్ల అన్నదానం చేసే అయ్యప్ప మండపాల వాళ్లతో ఫోన్‌లో మాట్లాడి, అక్కడ కూడా స్వాములే వండుతారని ఒప్పించా. ఒక్క గుండిగ మాత్రం రావాల్సిందేనట. మా తాత కాలం నాటి ఇత్తడిది, 19 కిలోలు. సరే, అది వెనక సీటు కింద పడుకుంటుంది.

షెడ్డు అన్నా, క్యారియర్ తీసేయిస్తున్నా. ఆ బోల్టు రంధ్రాలకు రబ్బరు బిరడాలు పెట్టించమంటావా, వెల్డ్ చేయించమంటావా?

ఒంగోలు షెడ్డు

వెల్డ్ వద్దు. లోపల సీలింగ్ క్లాత్ ఉంది, అంటుకుంటుంది. చుట్టూ తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, బిరడా పెట్టి, పైన సీలెంట్ వేయించు. తర్వాత పైపుతో పావుగంట నీళ్లు కొట్టి చూడు. తొమ్మిదో సీట్లో మీ మామనే కూర్చోబెట్టు.