18 ఏళ్లు నిండిన తమ్ముడిని పెద్దవాడిగా చూడటమంటే ఏమిటి?

ప్రశ్న (అక్క):
నాన్నగారు స్వార్జితంతో కట్టిన పాలకొల్లు ఇల్లు, ఆయన పోయిన తరువాత అమ్మకూ నాకూ తమ్ముడికీ సమాన వాటాలుగా వచ్చింది. తమ్ముడికి ఇటీవలే 18 ఏళ్లు నిండాయి. ఆ ఇల్లు అమ్మడానికి పెదనాన్నగారు బేరం కుదిర్చి, "వాడికేం తెలుసు, రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి సంతకం పెడితే చాలు" అంటున్నారు. సంతకానికి పెద్దవాడైనవాడు సలహాకు ఎందుకు పనికిరాడని నా బాధ. వాడేమో "మీరెలా అంటే అలా" అంటున్నాడు.

జవాబు (న్యాయవాది):
1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం అతను మేజరు. మైనరుగా ఉండగా అతని వాటా అమ్మాలంటే, 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం కింద మీ అమ్మగారు సైతం ముందుగా కోర్టు అనుమతి పొందవలసి వచ్చేది. పొందకుండా అమ్మితే, మేజరయ్యాక మూడేళ్లలోపు ఆ అమ్మకాన్ని అతను ప్రశ్నించగలిగేవాడు. ఇకపై అతను పెట్టే సంతకానికి అలాంటి రక్షణ లేదు కాబట్టి, చదవకుండా పెట్టనివ్వకండి.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు):
అమ్మా, "మీరెలా అంటే అలా" అనడాన్ని పసితనంగా తీసుకోకండి, తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు ఇంటివాళ్లను నొప్పించకూడదని కూడా అలా అంటాడు. చట్టమైనా ఒక్క రోజులో అందరినీ పెద్దవాళ్లను చేయలేదు: ఓటు హక్కు వయసు 1989లో 21 నుంచి 18కి తగ్గింది, మగపిల్లవాడి పెళ్లికి ఇప్పటికీ 21, లోక్‌సభకు పోటీ చేయడానికి 25 నిండాలి. కనుక భారమంతా అతని మీద వేయకుండా, లింకు దస్తావేజులు (ఆస్తి ఇదివరకు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత పత్రాలు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం), ఇంటి మీద అప్పుంటే ఆ లెక్క, చుట్టుపక్కల ధరలు ముందు పెట్టి, అతను వద్దంటే నిజంగానే ఆగుతామని చెప్పండి. కాదనే వీలున్నప్పుడే అతని ఒప్పుకోలుకు విలువ.

అక్క:
కాగితాలన్నీ చూపించాను. అమ్మేశాక అమ్మ ఎక్కడ ఉంటుందని వాడు అడిగాడు. మాలో ఎవరమూ అడగని మాట అది. పెదనాన్నగారితో తానే మాట్లాడతానన్నాడు. అయితే ఆయన ఇప్పటికే అడ్వాన్సు తీసుకున్నారు.

న్యాయవాది:
మీ ముగ్గురిలో ఎవరూ ఆయనకు అధికారం ఇవ్వకపోతే ఆ ఒప్పందానికి మీరు కట్టుబడనక్కరలేదు. అడ్వాన్సు తిరిగి ఇప్పించేటప్పుడు రసీదు రాయించుకోండి, మాట్లాడటానికి మీ తమ్ముడినీ వెంట తీసుకెళ్లండి.