ట్రైనింగ్‌లో అసలు తూటాలు అవసరమా?

బరంపురం అక్క:
మా తమ్ముడు అగ్నివీర్‌గా ట్రైనింగ్‌లో ఉన్నాడు. ముళ్లతీగ కింద పాకుతుంటే పైనుంచి అసలు తూటాలే కాలుస్తారట. అది విన్నప్పటి నుంచి అమ్మకి అన్నం సహించడం లేదు. 2024 అక్టోబరులో నాసిక్ దగ్గర ఫిరంగి ప్రాక్టీసులో షెల్ పేలి ఇద్దరు అగ్నివీరులు పోయారు కదా. తుపాకీకి లేజర్, ఒంటికి సెన్సర్లు తగిలించి ఆడించే పద్ధతి ఉండగా ఈ ప్రమాదం ఎందుకు?

మాజీ హవల్దార్, పర్లాకిమిడి:
అమ్మా, లేజర్‌ని నేను కాదనను. తలెత్తినవాడు ఎవడో వెంటనే దొరికిపోతాడు. కానీ ఆకు అడ్డమొస్తే లేజర్ ఆగిపోతుంది, తూటా ఆగదు. పొద వెనక దాక్కుంటే చాలనే పాడు అలవాటు కుర్రాళ్లకి దాంతోనే వస్తుంది.
ఇంకోటి, చెవి. తూటా ధ్వని కంటే వేగం. ముందు నెత్తిమీద ‘టప్’ మంటుంది, తర్వాత దూరంగా తుపాకీ మోత. రెంటికీ మధ్య ఎడాన్ని బట్టి కాల్చినవాడు ఎంత దూరంలో ఉన్నాడో అంచనా కడతాం. బోర్డు మీద రాస్తే ఇది రాదు. మొదటిసారి విన్నరోజు నేనూ వణికాను, అబద్ధమెందుకు. మా నెత్తిమీదుగా కాల్చే తుపాకీని మాత్రం గట్టిగా బిగించి, గొట్టం కిందికి వాలకుండా అడ్డు పెట్టేవారు.

చరిత్ర పిచ్చోడు, జయపురం:
1944 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ తీరంలో ఫ్రాన్స్‌లో జర్మన్ల మీద చేయబోయే నార్మండీ దాడికి రిహార్సల్ చేస్తూ 700 మందికి పైగా అమెరికన్లు చనిపోయారు. నిజంలా చేయబోతే అంతే.

మాజీ హవల్దార్, పర్లాకిమిడి:
సగం చెప్పి వదిలేస్తే ఎలా బాబూ? వాళ్ల మీద పడ్డవి జర్మన్ టార్పెడో పడవలు. ఓడలకీ ఒడ్డుకీ రేడియో ఫ్రీక్వెన్సీలు కలవలేదు. లైఫ్‌బెల్టు నడుముకి కట్టుకున్నవాళ్లు వీపు మీది బరువుకి తలకిందులై మునిగారు. బెల్టు ఎక్కడ కట్టాలో తర్వాత నేర్పారు.

బరంపురం అక్క:
హవల్దారు గారూ, నా భయమూ అదే. అక్కడ ప్రాణాలు తీసింది చిన్న చిన్న ఏమరుపాట్లే కదా. మీరు చెప్పిన ఆ అడ్డు సరిగ్గా ఉందో లేదో ప్రతిసారీ ఎవరు చూస్తారు? నాలుగేళ్ల ఉద్యోగంలో ట్రైనింగ్ కూడా కలిసే ఉంది, అంతా హడావిడే. తూటాలు వద్దని ఇక అనను. మొదటి నెలలన్నీ లేజర్‌తో చేయించి, చివర్లో అసలువి వాడొచ్చుగా?

గోపాలపూర్ వేటగాడు:
మా వైపు ఫైరింగ్ ఉన్నరోజు పడవలు దించొద్దని ముందే చెబుతారు. ఆ పూట చేపల వేట పోయినట్టే. మమ్మల్ని ఆపగలిగినవాళ్లు లోపల కుర్రాళ్లనీ చూసుకుంటారనే అనుకుంటా.

మాజీ హవల్దార్, పర్లాకిమిడి:
అక్క అన్న వరసే సరైనది. మాకూ ముందు ఖాళీ గుళ్లే ఇచ్చారు, మందు పేలి మోత వస్తుంది గానీ తూటా ఉండదు. కానీ అవీ దగ్గర్నుంచి కాలిస్తే గాయం చేస్తాయి, తమ్ముడికి చెప్పు తల్లీ.

బరంపురం అక్క:
ఆదివారం ఫోన్ చేశాడండీ. తూటాల మాటే లేదు. మోచేతులు దోక్కుపోయాయట, కొబ్బరినూనె పంపమన్నాడు.