స్నో వైట్ చీపురు పట్టడం: పిల్లలకు ఈ పాత సినిమా చూపించొచ్చా?

కావలి అమ్మ:
మొన్న ఆదివారం పిల్లలకు 1937 నాటి డిస్నీ స్నో వైట్ పెట్టాను. సవతితల్లికి భయపడి అడవిలోకి పారిపోయిన పిల్ల ఒక చిన్న ఇల్లు కనపడగానే చేసే మొదటి పని చీపురు పట్టుకోవడం. అది చూసి మా ఏడేళ్ల పాప లేచి వెళ్ళి వంటింట్లోంచి చీపురు తెచ్చి హాలు ఊడవడం మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ల వాళ్ళన్న సోఫా దిగలేదు. చీపురు తగలకుండా కాళ్ళు రెండూ పైకెత్తాడంతే. నా మనసు చివుక్కుమంది. ఇలాంటివి చూపించడం మానేయాలా?

ఒంగోలు మాస్టారు:
ఇల్లు ఊడవడం నామోషీ ఎప్పటి నుంచమ్మా? ఆ చిన్న కుర్చీలు చూసి, తల్లి లేని పిల్లలెవరో ఉంటున్నారనుకుని శుభ్రం చేస్తుందా అమ్మాయి. ఊరికే తినడం ఇష్టం లేక వండిపెడతానంటుంది. చేతులు కడుక్కోకపోతే భోజనం పెట్టనని ఆ ఇంటి ఏడుగురు మరుగుజ్జులనీ బయటికి పంపుతుంది. ఇందులో తప్పు నాకు కనపడలేదు. మా అమ్మ పగలంతా పొగాకు గ్రేడింగుకు వెళ్ళి, వచ్చి మాకు వండి పెట్టింది. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడిందీ ఇంటి ఇల్లాళ్ళేగా.

కందుకూరు టీచర్:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా. దూబగుంట ఆడవాళ్ళు రాత్రి బడిలో కూర్చుని అక్షరాలు దిద్దుకుంటూ మాట్లాడుకున్నారు. వాళ్ళు రాజేసిన నిప్పే 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా వెళ్ళింది. వాళ్ళు గడప దాటారు. దాటాక ఏం చేశారన్నదే కథ.

ఇక స్నో వైట్. ఇది పాతకాలపు విలువల కథ అంటాం గానీ, ఈ జర్మన్ జానపద కథను అచ్చువేసిన గ్రిమ్ సోదరుల పుస్తకం తీసి చూడండి. అందులో మరుగుజ్జుల ఇల్లు అద్దంలా ఉంటుంది. ఎంగిలి గిన్నెలు, దుమ్ము, బూజు అన్నీ సినిమావాళ్ళు తెచ్చి పోసినవే. పుస్తకంలో వంట, ఉతుకుడు, కుట్టుపని చేస్తే ఉండనిస్తామని షరతు పెట్టేది మరుగుజ్జులు. సినిమాలో ఆ మాట ఆ పిల్ల నోటితోనే అనిపించారు. విషపు ఆపిల్ తిని పడిపోయిన ఆ పిల్ల రాకుమారుడు ముద్దు పెడితే లేవడం కూడా గ్రిమ్‌లో లేదు. ఆమెను ఉంచిన పెట్టె మోసేవాళ్ళు తడబడితే ఆ కుదుపుకు గొంతులోని ఆపిల్ ముక్క బయటపడుతుంది. ఆ మాటకొస్తే 1812 మొదటి ముద్రణలో రాణి కన్నతల్లే. 1819లో సవతితల్లిని చేశారు.

అంటే ఎవరి కాలానికి తగ్గట్టు వాళ్ళు మార్చుకున్నారు. 1937లో డిస్నీ స్టూడియోలో ఆడవాళ్ళు బొమ్మలకు గీతలు దిద్దారు, రంగులు నింపారు. బొమ్మలు గీసే పని అడిగిన ఒకామెకు, ఆ సృజన అంతా మగపిల్లలే చేస్తారని 1938లో ఉత్తరం రాశారు. ఆ చీపురు ఎవరు ఎవరి చేతిలో పెట్టారో అక్కడే తెలుస్తుంది. చూపించొద్దనను. పక్కన కూర్చుని ఇవన్నీ చెప్తూ చూపించమంటాను.

ఒంగోలు మాస్టారు:
ఇల్లు శుభ్రంగా ఉండేదన్న సంగతి నాకు తెలియదమ్మా, ఒప్పుకుంటున్నా. కానీ ఇలా వెతుక్కుంటూ పోతే మన పాతాళభైరవి మాత్రం మిగులుతుందా? అందులో మాంత్రికుడు తోటరాముడికి రాజకుమారిని ఆశ చూపించే సాహసానికి దించుతాడు. దాన్నీ అటకెక్కిద్దామా?

నెల్లూరు నాన్న:
నాకు ఇద్దరూ మగపిల్లలే. చేపల పులుసు నేనే పెడతాను, గిన్నెలు పెద్దాడు తోముతాడు. అందరూ స్నో వైట్ గురించే మాట్లాడుతున్నారు. ఆ ఏడుగురి సంగతేంటి? వజ్రాల గనిలో ఒళ్ళు వంచి పనిచేసే మనుషులు, తిన్న పళ్ళెం కడుక్కోరు. మగపిల్లల దగ్గర మాట్లాడాల్సింది అదే. కావలి అక్కా, మీ వాడు కాళ్ళు పైకెత్తినప్పుడు మీరేమన్నారు?

కావలి అమ్మ:
ఏమీ అనలేదన్నా. నిన్న మళ్ళీ ఆ సీన్ పెట్టి ఆపాను. "ఈ గిన్నెలు ఎవరు తిన్నవిరా?" అని అడిగితే, వాడు లెక్కపెట్టి "వాళ్ళవేగా" అన్నాడు. ఇవాళ తన కంచం తను తీశాడు. రేపటి సంగతి చూడాలి.

మాస్టారూ, ఏమీ అనుకోకపోతే ఒక్క మాట. అమ్మగారు గ్రేడింగ్ నుంచి వచ్చేసరికి ఇంట్లో నీళ్ళు ఎవరు పట్టి ఉంచేవాళ్ళు?

ఒంగోలు మాస్టారు:
మా అక్క. ఐదో తరగతితో బడి మాన్పించారు. నేను చదువుకున్నాను.