క్లిక్కర్లు పంచడానికే పావుగంట పోతోంది, ఏం చెయ్యాలి?

క్లిక్కర్_పెట్టె:
మా డిపార్ట్‌మెంట్‌లో 180 ఓటింగ్ క్లిక్కర్లున్నాయండీ (క్లాసులో అడిగిన ప్రశ్నకి స్టూడెంట్లు బటన్ నొక్కి జవాబు పంపే చిన్న రిమోట్లు), వాటిని పెట్టెల్లో మోసేది, లెక్కపెట్టేది అన్నీ నేనే. బెంచీల మీదుగా పాస్ చేయిస్తే పంచడానికే పావుగంట, క్లాసవగానే సగం మంది డెస్కు మీద పడేసి పోతారు, కొందరు జేబులో వేసుకుపోతారు (కావాలని కాదులెండి, అడిగి తీసుకున్న పెన్ను పట్టుకెళ్ళినట్టే). ఈ నెల్లోనే 11 మాయం. అదీ చాలదన్నట్టు మొన్న క్లాసులో 90 మంది ఉంటే 130 ఓట్లు పడ్డాయి! రోజూ పంచి తీసుకోమంటారా, సెమిస్టర్ మొత్తానికి ఇచ్చేయమంటారా?

ఫిజిక్స్_పంతులు:
ముందు ఆ 130 సంగతి. పక్క గదిలో కూడా క్లిక్కర్లే వాడుతున్నారేమో చూడండి, రేడియోవి గోడ దాటతాయి కదా. పాత ఇన్‌ఫ్రారెడ్ వాటికి ఆ గొడవ లేదు గానీ ముందు కూర్చున్నవాడి తల అడ్డమొచ్చినా ఓటు పడేది కాదు. టర్నింగ్‌పాయింట్ బ్రాండ్ రేడియో క్లిక్కర్లైతే ఫ్యాక్టరీ నుంచి 41 ఛానెల్ మీద వస్తాయి, ఐక్లిక్కర్ బ్రాండైతే ఏఏ అనే కోడ్ మీద, ఎవరూ మార్చకపోతే అందరిదీ అదే. గదికో ఛానెల్ పెట్టి బోర్డు పక్కన పెద్దక్షరాల్లో రాసెయ్యండి. ఓట్లు అందుకునే రిసీవర్‌లోనూ చేతిలో ఉండే క్లిక్కర్‌లోనూ రెండుచోట్లా మార్చాలండోయ్, ఒకచోట మార్చి ఊరుకుంటే ఒక్క ఓటూ రాదు.

లైబ్రరీ_కౌంటర్:
ఓట్లకి మార్కులున్నాయా లేవా? అంతా దానిమీదే ఉంది. మార్కుల్లేకపోతే ఏది ఎవరి చేతిలో ఉన్నా పర్లేదు, తలుపు దగ్గర నంబర్లేసిన జేబుల గుడ్డ వేలాడదీయండి, వస్తూ తీసుకుంటారు పోతూ పెడతారు, ఏ జేబు ఖాళీగా ఉందో గుమ్మంలోంచే కనిపిస్తుంది. మార్కులుంటే మాత్రం సెమిస్టర్‌కి ఇచ్చెయ్యాల్సిందే, బార్‌కోడ్ అంటించి పుస్తకం ఇచ్చినట్టు వాళ్ళ ఖాతాలో ఎక్కించండి. మేం అలాగే ఇస్తున్నాం. అసలు తలనొప్పి ఏ క్లిక్కర్ ఎవరిదో రిజిస్టర్ చేసేటప్పుడు వస్తుంది, క్లిక్కర్ వెనకున్న ఐడీలో సున్నాని ఓ అని కొట్టేస్తారు, అందులో 0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ తప్ప ఇంకే అక్షరం రాదు, ఓ ఉండే ఛాన్సే లేదు. 8కీ బీకీ కూడా తేడా తెలీదు కొందరికి. రుద్దుకుపోకుండా ఐడీ మీద సెల్లోటేప్ వెయ్యండి.

క్లిక్కర్_పెట్టె:
మార్కులు లేవండీ, హాజరు కూడా దీంతో తీసుకోం. అయితే జేబుల గుడ్డే.

ఫిజిక్స్_పంతులు:
సెలవులకి ముందు బ్యాటరీలు తీసెయ్యడం మర్చిపోకండి. నేనోసారి అలాగే వదిలేశా, తిరిగొచ్చి చూస్తే కొన్నిట్లో బ్యాటరీలు కారి స్ప్రింగులు పచ్చగా తుప్పుపట్టాయి, గీకలేక చచ్చా.

క్లిక్కర్_పెట్టె:
చూసొచ్చా సార్, పక్క గదిలోనూ 41! మా వాళ్ళ ఓట్లు కూడా అటు పడ్డాయట, ఆ మేడమ్ క్లాసులో ఎప్పుడూ లేనిది సగానికి సగం తప్పు ఆన్సర్లు రావడంతో ఆవిడ ఆ పాఠం మొత్తం మళ్ళీ చెప్పారట.